నిట్రాట మీద లెక్క

సోమవారం పొద్దున ఎమూరియా బడిలో సీనియర్ ఐదో తరగతి గది కిటికీకి కొత్త రెక్క బిగిస్తున్నాడు. పాత రెక్కని సగం చెదలు తిన్నాయి, మిగతా సగం మీద పిల్లలు తమ పేర్లు చెక్కి తినేశారు. లోపల ఒకిరింగ్ మాస్టారు లెక్కల పాఠం చెబుతున్నాడు. బయట సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా లోపల ఆయన గొంతు ఒక మెట్టు పైకి ఎక్కుతోంది.

"ఏమోయ్ వడ్రంగీ! ఆ డప్పు ఆపుతావా, లేకపోతే లోపలికొచ్చి ఈ పాఠం నువ్వే చెబుతావా?"

గది గొల్లుమంది. రెండో బల్ల మీద కూర్చున్న ఆసెకెన్యే ఒక్కతే నవ్వలేదు. తల వంచుకుని, రాసిందే మళ్ళీ రాసుకుంటూ ఉండిపోయింది. ఆ వడ్రంగి ఆమె తండ్రి.

"తప్పయింది మాస్టారూ" అన్నాడు ఎమూరియా, పెదవుల మధ్య మేకులు పెట్టుకునే. సుత్తి పక్కన పెట్టి మరలు తిప్పే పని పట్టుకున్నాడు. మరలు చప్పుడు చేయవు. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే చెవులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న చెవుల్లో పాఠం పడింది.

"రెండు కోణాలు కలిపితే వచ్చే టాన్ ఎంత? పైన రెండు టాన్‌లూ కూడండి. కింద, ఒకటిలోంచి ఆ రెండిటి గుణకారం తీసెయ్యండి. పైదాన్ని కిందదానితో భాగించండి. సరేనా? ఇప్పుడు ఆ రెండు కోణాలూ ఒకటే అనుకోండి. అప్పుడేమైంది? రెట్టింపు కోణం అయింది. పైన రెండు టాన్‌లు, కింద ఒకటి మైనస్ టాన్ వర్గం." సుద్దముక్క బోర్డు మీద టకటకలాడింది. "రెట్టింపు కోణానికి టాన్ కూడా రెట్టింపే అని రాసిన మహానుభావులు పోయిన ఏడాది పన్నెండు మంది. ఈసారి అలా రాసినవాణ్ణి జెండా కర్ర కింద ఎండలో నిలబెడతా."

ఎమూరియా కూడా సీనియర్ నాలుగో తరగతి దాకా చదివినవాడే. ఎత్తుని అడుగున ఉండే వెడల్పుతో భాగిస్తే టాన్ వస్తుందని అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళుగా కప్పులు ఎక్కుతున్నవాడికి అది చదువు కాదు, కాలి కింద ఉండే వాలు. కానీ ఈ కింద తీసివేత ఏమిటో అతనికి అంతు పట్టలేదు. ఎందుకు తీసెయ్యాలి?

సాయంత్రం ఇంటి ముందు చాప మీద రాగిపిండి అటాప్ ముద్ద చుట్టూ ముగ్గురూ కూర్చున్నప్పుడు కూతుర్ని అదే అడిగాడు. భార్య ఆకోల్ వేరుశెనగ ముద్ద కలిపిన ఆకుకూర వడ్డిస్తూ, "కిటికీలు బిగించమంటే చదువులు మొదలెట్టావా?" అంది.

ఆసెకెన్యే ముద్ద తుంచి పక్కన పెట్టి, పుల్లతో నేల మీద గీసింది. "చూడు నాన్నా. రెండు కోణాలూ నలభై ఐదు అనుకో. ఒక్కోదాని టాన్ ఒకటి. ఒకటిలోంచి ఒకటి తీస్తే కింద ఏం మిగిలింది?"

"సున్నా."

"రెండూ కలిస్తే తొంభై. వాసం నిట్టనిలువుగా లేచిపోతుంది. ఎంత ఎత్తుకి పోయినా కొప్పు తగలదు. ఆ సున్నా చెప్పేది అదే."

ఎమూరియా చెయ్యి కూర గిన్నె మీదే ఆగిపోయింది. "అంటే కోణం నడుస్తుంటే ఎత్తు పరిగెడుతుందన్నమాట."

"అదే. మాస్టారు ఇంత బాగా చెప్పలేదు" అంది కూతురు. ఆకోల్ కూడా నవ్వింది.

ఆ ఇంట్లో ఆ వారం అందరూ తేలిగ్గా నవ్వుతున్నారు. కొత్త సైన్సు గదులకి కప్పు సవ్యంగా నిలబెడితే బడికి ఖాయం వడ్రంగిగా తీసుకుంటానని హెడ్మాస్టరు మాటిచ్చాడు. బడి సిబ్బంది పిల్లలకి ఫీజు ఉండదు. అంటే ఆసెకెన్యే సీనియర్ ఆరు కూడా ఇక్కడే చదువుతుంది. మాట ఇచ్చింది నోటితోనే. కానీ ఆశకి కాగితం అక్కర్లేదు కదా.

మంగళవారం కర్ర దిగింది. నూనె పట్టించిన పైన్ దూలాలు, వాసాలు, కప్పు మోసే తొమ్మిది ట్రస్సులకి సరిపడా, ఒక్కోదాని మధ్యలో కొప్పుని నిలబెట్టే ఒక నిట్రాట. హెడ్మాస్టరు చేతిలో చర్చి డయోసిస్ వాళ్ళు పంపిన కప్పు పటం, అందులో కోణమే ఉంది, ఎత్తు లేదు. ఆయన పక్కన కట్టుబడి కమిటీ తరఫున ఒకిరింగ్ మాస్టారు. ఎమూరియా వెనక అతని జతగాడు ఒలుపొట్. ఇద్దరూ పన్నెండేళ్ళుగా ఒకే రంపానికి చెరో పక్కా పట్టుకున్నవాళ్ళు.

విషయం చిన్నదే. పాత గదుల కప్పు మరీ చదునుగా ఉంది, పదిహేను డిగ్రీలు. సరస్సు మీంచి గాలి కొట్టినప్పుడల్లా వాన రేకుల కిందికి దూరి పిల్లల పుస్తకాలు తడుస్తున్నాయి. అందుకని కొత్త కప్పు వాలు రెట్టింపు, ముప్ఫై డిగ్రీలు. కొప్పు దగ్గర వాసాల్ని కలిపే ఇనప ప్లేట్లు ఆ కోణానికే వంచి, బోల్టు కన్నాలు కొట్టి కంపాలా నుంచి వస్తున్నాయి. శుక్రవారం దిగుతాయి. శనివారం బిషప్ వస్తారు. ఆయన వచ్చేసరికి ట్రస్సులు నిలబడి ఉండాలి.

"పాత కప్పు నిట్రాట ఎత్తెంత?" అన్నాడు ఒకిరింగ్.

"మీటరూ ఏడు సెంటీమీటర్లు మాస్టారూ. సగం వెడల్పు నాలుగు మీటర్లు" అన్నాడు ఎమూరియా.

"కొత్తదానిక్కూడా వెడల్పు అంతే. కోణం రెట్టింపు. అంటే రెండు మీటర్ల పద్నాలుగు." మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"అలా రాదేమో మాస్టారూ."

"ఏంటి?"

"కోణం రెట్టింపు చేస్తే ఎత్తు రెట్టింపు కంటే ఎక్కువ పెరుగుతుంది. రెండు మీటర్ల ముప్ఫై దాకా రావాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే. నిన్న. కిటికీ దగ్గర విన్నాను."

హెడ్మాస్టరు సరదాగా నవ్వాడు. ఒకిరింగ్ నవ్వలేదు. సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. ఆ ఆగిన చేతిని ఎమూరియా చూశాడు. అందులో అతనికి ఒకటే కనిపించింది: మాస్టారికి తెలిసిపోయింది. ఇప్పుడు, ఇక్కడే, అందరి ముందూ తన బోర్డు మీద లెక్క తనకి గుర్తొచ్చింది. మంచిదే, మనిషన్నాక పొరబాటు, సరిదిద్దుకుంటాడనే అనుకున్నాడు ఎమూరియా. చదువుకున్నవాడి సంగతి అతనికి అంతవరకే తెలుసు.

"అది పరీక్షకి చెప్పే పాఠం. ఇది కర్ర" అన్నాడు ఒకిరింగ్. "నేను మకెరెరే యూనివర్సిటీలో చదివింది రంపం పట్టుకునేవాడితో దిద్దించుకోడానికి కాదు." దూలాన్ని ఒక కాలితో తొక్కిపట్టి, దాని మీద 2.14 అని పెద్దగా రాశాడు.

ఎమూరియా హెడ్మాస్టరు వైపు చూశాడు.

"మాస్టారు చెప్పినట్టు కొయ్యవయ్యా" అన్నాడు హెడ్మాస్టరు. "ఎవరి పని వాళ్ళు చేస్తే బడి నడుస్తుంది."

వాళ్ళు వెళ్ళాక ఎమూరియా చెవి మీంచి చదును పెన్సిలు తీశాడు. ఆ చుట్టుపక్కల వడ్రంగులకి ఒక పద్ధతి ఉంది. కప్పు లెక్కని నిట్రాటకి ఒక పక్కన పెన్సిలుతో రాస్తారు, దాన్ని చిత్రిక పట్టరు. రేపెప్పుడో కప్పు విప్పి బాగుచేసే వడ్రంగికి అది దారి చూపాలని. అతను సుద్ద అంకె కింద నిదానంగా లెక్క కట్టాడు. మీటరూ ఏడుని నాలుగుతో భాగించాడు. దాన్ని రెట్టింపు చేసి పైన పెట్టాడు. దాని వర్గాన్ని ఒకటిలోంచి తీసి కింద పెట్టాడు. భాగించి, మళ్ళీ నాలుగుతో హెచ్చవేశాడు. రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లన్నర వచ్చింది.

"పదహారున్నర సెంటీమీటర్లు తేడా" అన్నాడు. జానెడుకి కాస్త తక్కువ. కొప్పు దగ్గర అదేమీ చిన్న తేడా కాదు.

"అన్నా, మనకెందుకు? చెప్పింది కోసి ఇస్తే పోలా?" అన్నాడు ఒలుపొట్.

"పొడుగు కోస్తే తగ్గించొచ్చు, పొట్టి కోస్తే పెంచలేం. పొడుగే కోద్దాం. ప్లేట్లు వచ్చాక అవే చెబుతాయి ఎవరి మాట నిజమో."

బుధవారమంతా అలాగే కోశారు. మధ్యాహ్నం వాన కురిస్తే దూలాలు అలాగే తడిశాయి, వీళ్ళు వరండాలో కూర్చుని రంపానికి పళ్ళు పదును పెట్టుకున్నారు. గురువారం తొమ్మిది గంటలకి ఒకిరింగ్ టేపు పట్టుకుని వచ్చాడు. మొదటి నిట్రాట కొలిచాడు. రెండోది కొలిచాడు. మూడోది కొలవలేదు.

"రెండు మీటర్ల ముప్ఫై. నా అంకె కనపడలేదా, కళ్ళు పోయాయా?"

"పొడుగుంటే తగ్గించొచ్చని మాస్టారూ. రేపు ప్లేట్లు..."

"ఈ బడికి వడ్రంగి ఉద్యోగం కావాలా, లెక్కల మాస్టారు ఉద్యోగం కావాలా నీకు?" గొంతు పెంచలేదు. దగ్గరకొచ్చి, మెల్లిగా అన్నాడు. "రెండో దానికి ఖాళీ లేదు. మొదటిది కూడా ఉండదు, చూసుకో."

ఎమూరియాకి కూతురు గుర్తొచ్చింది. పుల్లతో నేల మీద గీసిన కోణం గుర్తొచ్చింది. ఒలుపొట్ అప్పటికే రంపం రెండో పిడి పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు పక్కనే నిలబడి టేపుతో గుర్తు పెడుతుంటే వీళ్ళు కోశారు. ఒక్కో నిట్రాట చివర పదహారున్నర సెంటీమీటర్ల ముక్క తెగి రంపపుపొట్టులో పడింది. తొమ్మిది ముక్కలు. ఎమూరియా మంచి వడ్రంగి, కోత ఎక్కడా వంకర పోలేదు. తప్పు పనిని కూడా చక్కగా చేసే చేతుల్ని చూసి తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఒక ముక్కని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా దాన్ని గుమ్మం దగ్గర అడ్డం పెట్టాడు.

శుక్రవారం ప్లేట్లు వచ్చాయి. మొదటి ట్రస్సు నిలబెట్టి ఎమూరియా నిచ్చెన ఎక్కి ప్లేటు కొప్పు మీద పెట్టాడు. రెండు చివర్లూ వాసాలకి ఆనాయి కానీ నడుం కొప్పుకి అంటకుండా పైకి తేలింది, కన్నాలు బోల్టులకి దూరంగా పోయాయి. కింద హెడ్మాస్టరు, మాస్టారు, రేకులు మోయడానికి వచ్చిన కూలీలు తలలెత్తి చూస్తున్నారు.

"ఏమైంది?" అన్నాడు హెడ్మాస్టరు.

"నిట్రాట పొట్టి అయింది సార్."

"ఎంత?"

"పదహారున్నర సెంటీమీటర్లు."

"కొలవకుండానే చెబుతున్నావే?"

ఎమూరియా దిగి వచ్చి, కింద పడి ఉన్న రెండో నిట్రాటని, తను లెక్క రాసినదాన్ని తిప్పి చూపించాడు. "మంగళవారమే కట్టాను సార్. మాస్టారు రాసిన అంకె కూడా ఇక్కడే..." అని ఆగిపోయాడు. బుధవారం వానకి సుద్ద కొట్టుకుపోయింది. పెన్సిలు మాత్రం చెక్కుచెదరలేదు. 2.305, అతని చేతిరాతే, దాని కింద గీత కూడా గీసి ఉంది.

హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మంచివాడే ఆయన, కానీ రేపు బిషప్ వస్తారు. "అంటే నీకు తెలుసు" అన్నాడు. "సరైన కొలత తెలిసీ పొట్టిగా కోశావు."

"మాస్టారే దగ్గరుండి కోయించారు సార్. నిన్న. టేపు ఆయనే పట్టుకున్నారు."

"నేనా?" అన్నాడు ఒకిరింగ్. "నాకు పనేం లేదా? ఎవరు చూశారు?"

అందరూ ఒలుపొట్ వైపు చూశారు. ఒలుపొట్ తన బూటు మీద అంటిన రంపపుపొట్టుని రెండో బూటుతో రాలుస్తున్నాడు. చాలాసేపు రాల్చాడు. "నేను కోత చూసుకుంటున్నాను సార్, మనుషుల్ని చూడలేదు" అన్నాడు.

తెలియకపోతే మూర్ఖుడు, తెలిస్తే దొంగ. ఎమూరియాకి మూడో దారి ఎవరూ ఉంచలేదు.

హెడ్మాస్టరు ఆఫీసులోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. నా పొరపాటు వల్ల తొమ్మిది నిట్రాటలు పొట్టిగా కోయబడినవి, అని టైపు చేసి ఉంది, కింద సంతకానికి గీత. "కొత్త కర్రకి డయోసిస్‌ని అడగాలంటే కారణం రాయాలి కదయ్యా. మాస్టారి పేరు రాస్తే బడి పరువు పోతుంది. నువ్వు సంతకం పెట్టు. ఉద్యోగం సంగతి తర్వాత నిదానంగా చూద్దాం."

"ఆయన పేరు రాయక్కర్లేదు సార్. నా పేరు కూడా రాయకండి. లెక్క తప్పింది అని రాయండి."

"లెక్క దానంతటది తప్పదయ్యా."

"అదే సార్ నేను చెప్పేది."

ఎమూరియా సంతకం పెట్టలేదు. పనిముట్లు సంచిలో సర్దుకుని వచ్చేశాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క కప్పు కూడా తన చేతి కింద తప్పలేదు. ఆ మాటొక్కటే తనది అనుకున్నాడు. విని ఆకోల్ పొయ్యిలో కట్టె ముందుకి తోసింది. తర్వాత, "నీ మాట నిలబెట్టుకున్నావు, బాగుంది. పిల్ల కూర్చునే బల్ల పడగొట్టావు" అంది.

శనివారం బిషప్ రాలేదు, ఎక్కడో పెళ్ళి ఉందని కబురు పంపారు. ఆదివారం రాగికల్లు అజోన్ కుండ దగ్గర అందరూ పొడుగు గొట్టాలు నోట పెట్టుకుని చుట్టూ కూర్చుంటే, ఎమూరియా పక్కన చోటున్నా ఒలుపొట్ అవతలి వైపు కూర్చున్నాడు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం వెనకే వచ్చాడు.

"అన్నా, తిట్టుకో. నాకు నలుగురు పిల్లలు."

"నాకు ఒక్కతే. తిట్టనులే."

"ఖాయం పని నాకిస్తానన్నారు." నేల చూస్తూ అన్నాడు. "ఇంకోటి చెబుతా. నిన్న మాస్టారు ఒక్కడే వచ్చి నీ లెక్క ముందు నిలబడ్డాడు. మొత్తం నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. కొత్త కర్రకి కొలత అదే ఇచ్చాడు."

ఎమూరియా తలూపాడు. కప్పు నిలుస్తుంది, పిల్లల పుస్తకాలు తడవవు. దానికి సంతోషపడాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

సోమవారం సాయంత్రం ఆసెకెన్యే బడి నుంచి వచ్చి పుస్తకం తీసి గుమ్మం దగ్గర కూర్చుంది. ఎమూరియా పక్కింటివాళ్ళ పీటకి కాలు అతికిస్తున్నాడు. ఇప్పుడు అతనికి ఉన్న పని అదే. చాలాసేపు పేజీ తిరిగిన చప్పుడు లేకపోయేసరికి తల ఎత్తాడు.

"లెక్క రావట్లేదా?"

"వచ్చింది."

"మరి?"

కూతురు పుస్తకం అతని వైపు తిప్పింది. బోర్డు మీంచి ఎక్కించుకున్న ఇంటిపని అది. ఒక బడి కప్పు సగం వెడల్పు నాలుగు మీటర్లు, నిట్రాట ఎత్తు మీటరూ ఏడు సెంటీమీటర్లు. వాలు కోణాన్ని రెట్టింపు చేయమంటే ఒక వడ్రంగి ఎత్తుని రెట్టింపు చేశాడు. సరైన ఎత్తు ఎంత? నాలుగు మార్కులు. వడ్రంగి కోసింది ఎంత తక్కువ? రెండు మార్కులు. వడ్రంగి చేసిన తప్పేమిటో ఒక వాక్యంలో రాయండి. రెండు మార్కులు.

మొదటి రెండిటికీ జవాబులు ఉన్నాయి. పదహారున్నర సెంటీమీటర్లు అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ జవాబు ఆమె మోకాలి పక్కనే, తలుపుకి అడ్డంగా పడి ఉంది. మూడోది ఖాళీ.

"క్లాసంతా నవ్వారు" అంది. "ఆ వడ్రంగి ఎవడు సార్ అని ఒకడు అడిగాడు. మాస్టారు నా వైపు చూడకుండా, చదువుకోనివాడు అన్నారు."

ఎమూరియా జిగురు డబ్బా మూత గట్టిగా బిగించాడు.

"ఈ మూడోది రాయను నాన్నా. రెండు మార్కులేగా, పోతే పోనీ."

"ఇంటిపని మార్కులు కూడా కలిపి లెక్కల్లో ఫస్టు వచ్చినవాళ్ళకి డయోసిస్ ఫీజు కడుతుందన్నావు. ఎవరు ముందున్నారు?"

"ఇకిరోర్."

"ఎంతలో?"

ఆసెకెన్యే పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"ఎంతలో తల్లీ?"

"ఒక్క మార్కు."

లోపల పొయ్యి దగ్గర ఆకోల్ గరిటె చప్పుడు ఆగింది. ఆమె వింటోంది.

"రాసుకో, నేను చెబుతా" అన్నాడు ఎమూరియా.

"నాన్నా..."

"రాయి. కోణాన్ని రెట్టింపు చేస్తే ఎత్తు కూడా రెట్టింపు అవుతుందని వడ్రంగి అనుకున్నాడు." కూతురి పెన్ను కదిలేదాకా ఆగాడు. "అనుకున్నాడు. కింద ఒకటిలోంచి టాన్ వర్గాన్ని తీసెయ్యాలని వాడికి తెలియదు. అంతే. చుక్క పెట్టు."

చెప్పినంతా రాసింది. అక్షరాలు చక్కగానే వచ్చాయి, ఆ పిల్ల చెయ్యి కూడా తండ్రి చెయ్యే. చుక్క పెట్టి, ముక్కు తుడుచుకుని, పుస్తకం మళ్ళీ అతని ముందుకి జరిపింది. ఇంటిపని ప్రతి పేజీ కింద పెద్దవాళ్ళ సంతకం ఉండాలి. లేకపోతే ఆ బడిలో దిద్దరు.

ఎమూరియా అలవాటుగా చెవి మీది పెన్సిలు తీశాడు.

"పెన్సిలు ఒప్పుకోరు నాన్నా. చెరిపేయొచ్చు కదా" అంది ఆసెకెన్యే, తన పెన్ను ఇస్తూ.

అతను పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుని, చేతికంటిన జిగురు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వాక్యం కిందున్న గీత మీద పేరు పూర్తిగా రాశాడు. దాని కింద వృత్తి అని ఇంకో గీత ఉంది. దాని మీద వడ్రంగి అని రాశాడు.